నిద్రపోయినవాడి ఇంటికి ప్రయాణం

మా మెట్ట ఊళ్ళో ఎవరైనా కోనసీమ వెళ్ళొస్తే, కొబ్బరికాయలేం తెచ్చావని అడుగుతారు. నన్నూ అడిగారు. తేలేదని చెబితే, మరెందుకు వెళ్ళావన్నట్టు చూశారు. ఎందుకు వెళ్ళానో ఒకరికి చెబితే ఇంకొకరికి వేరేలా చేరుతోంది. అందుకని మొదటినుంచీ నేనే చెబుతాను.

మా చెల్లెలు ఎస్తేరుని రాజోలు అవతల ఒక ఊరికి ఇచ్చి ముప్ఫై ఏళ్ళ పైమాట. పెళ్ళికి వెళ్ళినదాన్ని, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. మామిడిపళ్ళ రోజుల్లో అదే మా ఇంటికి వచ్చి పోయేది. దాని భర్త దానియేలు కొబ్బరి ఒలుపు పని చేసేవాడు. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి ఒక్క మెలిక తిప్పితే పీచంతా ఊడొచ్చేది. అలాంటి మనిషి ఒకరోజు పని నుంచి వచ్చి, గుండెలో మంటగా ఉందని పడుకుని, మరి లేవలేదు. పోయాడు అనబోయాను గానీ, మా క్రైస్తవ సంఘాల్లో అలా అనరు. ప్రభువునందు నిద్రించాడు అంటారు. పెద్దవాళ్ళు అన్నారు, మేమూ అంటున్నాం. నోటికి అలవాటైన మాట.

మట్టి చేసిన రోజుకి నేను వెళ్ళలేకపోయాను. అప్పుడే నా కంటికి ఆపరేషను అయింది. నల్లద్దాలు పెట్టి, మంచం దిగొద్దన్నారు. జ్ఞాపకార్థ కూడికకి మాత్రం వెళ్ళితీరాలి. కూడిక రోజు పొద్దున్నే అక్కడివాళ్ళు భార్య చేతి గాజులు చిట్లగొట్టి, తాళి తీసి, పుట్టింటివాళ్ళు తెచ్చిన తెల్లచీర కట్టిస్తారు. అమ్మా నాన్నా లేరు కాబట్టి ఆ చీర కప్పవలసింది నేను. మేం యేసుని నమ్ముకుని మూడు తరాలయింది. అయినా ఈ ఆచారం మమ్మల్ని వదల్లేదు, మేమూ దాన్ని వదల్లేదు.

బయల్దేరే ముందురోజు ఎస్తేరు ఫోను చేసింది. గొంతులో ఏడుపు లేదు.

"అక్కా, నేను గాజులు తీయనివ్వను. తాళిలో సిలువ ఉంది, దాన్ని తెంపనివ్వను. ఇక్కడ నా వైపు మాటాడే మనిషి లేదు. నువ్వు ఎవరి పక్కన నిలబడతావో తేల్చుకునే బండెక్కు."

అప్పటికే మా అన్నయ్య తెల్లచీర కొని నా సంచిలో పెట్టాడు. అక్కడ తగువులు పెట్టుకోకుండా చీర కప్పి, నాలుగు ముద్దలు తిని వచ్చెయ్యమన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. సంచి భుజాన వేసుకున్నాను.

కోటిపల్లి రేవు

కాకినాడలో బస్సు మారి కోటిపల్లిలో దిగాను. గోదావరి దాటడానికి అక్కడ పంటు ఉంటుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, గడ్డిమోపులు, మేకలు అన్నీ ఒకే బల్లకట్టు మీద. మా మెట్టలో నీళ్ళ కోసం మనం వెతుక్కుంటూ వెళ్ళాలి. ఇక్కడ నీళ్ళే మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. నల్లద్దాల్లోంచి అంత గోదావరీ కాఫీ రంగులో కనిపించింది. అద్దాలు కొంచెం పైకెత్తి దొంగచూపు చూశాను. కళ్ళలో సూదులు గుచ్చినట్టయి మళ్ళీ దించేశాను.

నా పక్కన ఒకావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సత్యవతిగారట. మనవడు పరీక్ష గట్టెక్కాడని ఐనవిల్లి వినాయకుడికి మొక్కు తీర్చడానికి వెళుతోంది. కోడలు కువైట్‌లో ఇళ్ళలో పని చేస్తుంది కాబట్టి పిల్లాడి చదువూ మొక్కులూ అన్నీ ఈవిడవే. బుట్టనిండా కొబ్బరికాయలు. కోనసీమకి కొబ్బరికాయలు మోసుకెళ్ళే తెలివైనదాన్ని నేనొక్కదాన్నేనని తనే నవ్వింది. బొట్టు లేని నా నొసటి వంక చూసి, సంఘం వాళ్ళా అని అడిగింది. ఆయ్ అన్నాను. ఎక్కడికని అడిగితే ఉన్నదంతా చెప్పేశాను. నాకు కడుపులో మాట దాగదు.

ఆవిడ అంతా విని, బుట్ట సర్దుకుని అంది.

"మా వీధి చివర మీవాళ్ళింట్లో పెద్దాయన పోతే ఫ్లెక్సీ కట్టేరండి. నిద్రించేరు అని రాసుందని మా మనవడు చదివేడు. అంటే మీ లెక్కలో ఆయన పడుకున్నట్టే కదండీ?"

"ఆయ్, అంతేనండి. ఒకనాడు ప్రభువు లేపుతాడని మా నమ్మకం."

"మరి గాజులెందుకు తీస్తారు అక్కగారూ? లేచేక ఆయన అడగడా?"

వెక్కిరింత కాదు. కూరలో ఉప్పెంత వేస్తారని అడిగినట్టు అడిగింది. పుట్టినప్పటినుంచీ ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళినదాన్ని. ఎన్ని భూస్థాపనలకి వెళ్ళానో, ఎన్ని గాజులు చిట్లడం విన్నానో. ఈ ప్రశ్న మాలో ఒక్కరమూ అడగలేదు. వినాయకుడికి కొబ్బరికాయ కొట్టడానికి వెళ్ళే మనిషి అడగవలసి వచ్చింది.

ముక్తేశ్వరం ఒడ్డున దిగుతూ ఆవిడ ఇంకో మాట అంది. "మా ఆచారం ఎందుకో మాకు తెలుసండి. మీది ఎందుకో మీకు తెలియాలి కదా." చెయ్యి పట్టుకుని నన్ను బురదలోంచి గట్టెక్కించి ఆటో ఎక్కేసింది. ఆ బురదలోనే నేను తేల్చుకున్నాను.

అమలాపురం

అమలాపురంలో మొదటి పని బట్టల కొట్టుకి వెళ్ళడం. పుట్టింటి చీర కావాలని చెప్పి, ఎవరికో, ఎందుకో చెప్పగానే కొట్టాయన మొహం మారింది. ఆ చీరలాండీ అని, పైనున్న రంగులన్నీ వదిలేసి, వంగి కింద అర తెరిచాడు. తెల్లవి, బూడిద రంగువి. ఎవరి కంటా పడకుండా దాచినట్టున్నాయి. అవి కాదు, పైన ఉన్న మామిడి చిగురు రంగుది తియ్యమన్నాను. ఆయన నా నల్లద్దాల వంక జాలిగా చూసి, అది రంగు చీరండి, మీకు సరిగా కనపడటం లేదేమో అన్నాడు. కనపడుతోందనే అడుగుతున్నానని చెప్పాను. అన్నయ్య కొన్న తెల్లచీర ఇచ్చి మారుస్తారా అని కూడా అడిగాను. తమ కొట్లో కొన్నది కాదు కాబట్టి కుదరదన్నాడు. న్యాయమే.

పక్క సందులో గాజుల కొట్టు. గాజులామె సంగతి విని, ఎర్రగాజుల డబ్బా మీద చెయ్యేసి ఆగిపోయింది. అలాంటి ఇంటికి ఇప్పటిదాకా తను అమ్మలేదంది. అమ్మకూడదని ఎక్కడైనా ఉందా అంటే, ఉందో లేదో తెలీదు, అడిగినవాళ్ళే లేరంది. ఆ తర్వాత కొలత దగ్గర ఇద్దరికీ వాదన. నేను రెండుంపావు అన్నాను. పెళ్ళినాడు నా చేతులతో నేనే తొడిగాను, నా చెల్లెలి చెయ్యి నాకు తెలీదా. "పని చేసే చెయ్యి పెరుగుతుందండి" అంది. నాకు నా జ్ఞాపకం మీద నమ్మకం ఎక్కువ. రెండుంపావే కట్టించుకున్నాను.

ఆ రాత్రి మా ఊరి నుంచి అక్కడికి ఇచ్చిన ఒకమ్మాయి ఇంట్లో పడుకున్నాను.

అంబాజీపేట

పొద్దున్నే అంబాజీపేటలో బస్సు ఆగితే, పొట్టిక్కలు తినకుండా కదలకూడదని పక్క సీటాయన దింపేశాడు. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసనకే సగం ఆకలి తీరుతుంది. మా వైపు పనసాకు మేకకి వేస్తాం.

పళ్ళెం ముందు పెట్టగానే అలవాటు ప్రకారం తలవంచి ప్రార్థన మొదలుపెట్టాను. చెల్లెలి కోసం, నా నోటి కోసం, రేపటి కోసం కాస్త ఎక్కువే అడిగినట్టున్నాను. నల్లద్దాలాయె, కళ్ళు మూసుకున్నానో తెరిచానో ఎవరికీ తెలీదు. ఎవరో భుజం తట్టారు. హోటలాయన గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒంట్లో బాలేదాండీ? నిద్రపోయేరో, పడిపోయేరో తెలీలేదండి."

"ప్రార్థన చేసుకుంటున్నానండి."

"అలాగాండీ. చట్నీ మాత్రం మీ దేవుడి కోసం ఆగదండి, పులిసిపోద్ది."

పక్క బల్లవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కొందరు ఇలాంటి చోట్ల కళ్ళు తెరిచే ప్రార్థన చేసుకుంటారు, ఎవరూ చూడకుండా. నాకు చేతకాదు. అన్నం పెట్టినవాడికి నమస్కారం దొంగచాటుగా ఎలా పెడతాం. కొబ్బరినీళ్ళు కూడా తాగాను. కాయలు కాసే చోట చవకేమో అనుకున్నాను. మా ఊళ్ళో రేటే. కాసిన చోటా అంతేనా అంటే, కాసిన చోట ఎక్కేవాడికి కూలి ఇవ్వొద్దాండీ అన్నాడు అమ్మేవాడు.

గన్నవరం దగ్గర రోడ్డు అక్విడెక్టు మీదుగా పోతుంది. కింద గోదావరి పాయ, దాని మీద గాల్లో కట్టిన కాలవ. నీళ్ళ మీద నుంచి నీళ్ళు దాటుతున్నాయి. అంత పెద్ద నదికి తల వంచకుండా ఆ కాలవ తన దారిన తను పోవడం నాకు భలే నచ్చింది.

ఎస్తేరు ఇల్లు

ఎస్తేరు గుమ్మంలో కూర్చుని ఉంది. చేతులకి గాజులున్నాయి. నా సంచి వంక ఒకసారి చూసి, కాళ్ళకి నీళ్ళిచ్చింది. లోపలికి వెళ్ళాక మామిడి చిగురు చీర తీసి దాని ఒళ్ళో పెట్టాను. చీరలో మొహం దాచుకుని అప్పుడు ఏడ్చింది.

ఆ ఇంట్లో మాట చెల్లేది దానియేలు అక్క సువార్తమ్మగారిది. ఎండుపుల్లలా ఉంటుంది మనిషి. ఆవిడే నాకు పనసపొట్టు కూరతో అన్నం పెట్టింది. ఆవపెట్టి వండిన కూర ముక్కుకి ఎక్కితే నల్లద్దాల కింద నుంచి నీళ్ళు కారాయి. తన తమ్ముడి కోసం ఏడుస్తున్నాననుకుని ఆవిడ వీపు రాసింది. కాదని చెప్పే ధైర్యం లేకపోయింది.

చెయ్యి కడుక్కున్నాక, చీర తెచ్చేరా అని అడిగింది. తెచ్చాను, రంగుది అన్నాను. ఆవిడ కోప్పడలేదు. తన కథ చెప్పింది. పసిబిడ్డ ఒళ్ళో ఉండగా భర్త పోయాడు. నూతిగట్టు మీద చేతులు పెట్టించి రాయితో గాజులు కొట్టారు. ఒక పెంకు మణికట్టులో దిగింది. ఆ మచ్చ చూపించింది. అప్పటినుంచి ఏ పెళ్ళిలోనూ ముందు వరసలో నిలబడలేదు, సంఘంలో పెళ్ళైనా సరే.

"మా అమ్మకి తీసేరు. నాకు తీసేరు. దీనికి తీయకపోతే మరి మాకెందుకు తీసినట్టు?"

ఆ మాట గురించి ఇప్పటికీ పడుకుని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవిడది పంతం కాదు. తనకి జరిగినది తప్పని ఒప్పుకుంటే, పోయిన ఆ ఏళ్ళన్నీ ఎవరిస్తారు?

బోరింగు దగ్గర

కూడిక రోజు తెల్లవారకుండానే బోరింగు దగ్గర ఆడవాళ్ళు చేరారు. సువార్తమ్మగారి చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో రాయి. పక్కనే షామియానా. దాని ముందు దానియేలు ఫొటోతో ఫ్లెక్సీ, ఒలుపు గునపం పక్కన నవ్వుతూ నిలబడ్డ ఫొటో. కింద పెద్ద అక్షరాలతో, ప్రభువునందు నిద్రించారు.

ఎస్తేరుని తీసుకురమ్మన్నారు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను. ఒకావిడ, అక్కగారికి కంటి ఆపరేషనుతో పాటు బుర్రకి కూడా చేసేరేమో అంది. ఇంకొకావిడ, మెట్టోళ్ళకి ఆచారాలెక్కడివి, నీళ్ళే ఉండవు అంది. నీళ్ళు లేకే కన్నీళ్ళు దాచుకుంటాం అన్నాను. గొడవ పెరుగుతుంటే ఎవరో వెళ్ళి అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, తీసుకొచ్చారు. తడి తలతోనే వచ్చాడాయన. మంచివాడే. ఇది వాక్యంలో చెప్పిన పని కాదమ్మా, అలాగని ఊరందరితో తగువు పడలేను, ఇంటి ఆచారం ఇంటివాళ్ళు చూసుకోండి అన్నాడు.

"అయ్యగారూ, ఆ ఫ్లెక్సీ మీద మాట రాయించింది ఎవరండీ?"

"నేనేనమ్మా."

"నిజమా, అబద్ధమా చెప్పండి. అబద్ధమైతే ఫ్లెక్సీ దింపండి. నిజమైతే ఆ పళ్ళెం దింపించండి. రెండూ ఒక వాకిట్లో ఉండవు. నిద్రపోయినవాడి పెళ్ళానికి ఎవరైనా గాజులు తీస్తారా? రేపు లేచి అడిగితే ఎవరు చెబుతారు, మీరు చెబుతారా?"

సత్యవతిగారి మాట కాజేసి వాడుకున్నాను. ఆవిడ ఏమీ అనుకోదు.

అయ్యగారు ఫ్లెక్సీ వంక చూశాడు. "నిజమేనమ్మా" అన్నాడు. చిన్నగా అన్నాడు, కానీ బోరింగు దగ్గరి దాకా వినిపించింది.

అప్పుడు ఎస్తేరు నన్ను పక్కకి జరిపి బయటికి వచ్చింది. సువార్తమ్మగారి ఎదురుగా నిలబడింది.

"నేను ఏడవటం లేదని కాదు వదినా. రాత్రంతా ఏడుత్తానే ఉన్నాను. కానీ ఆయన్ని నేను పంపించెయ్యలేదు. పడుకోబెట్టేను."

ఇదే సమయమనుకుని నేను కొత్త గాజులు తీసి అందరి ముందూ దాని చేతికి తొడగబోయాను. మొదటి గాజు బొటనవేలి మెట్ట దగ్గరే ఆగిపోయింది. నొక్కాను. సబ్బు తెమ్మన్నాను. లాభం లేదు. ఇన్నేళ్ళుగా కొబ్బరి పీచు కొట్టిన చెయ్యి అది. నేను తొడిగిన పెళ్ళికూతురి చెయ్యి కాదు. గాజులామె చెప్పనే చెప్పింది. అంత వాదించి గెలిచినదాన్ని, చేతికి పట్టని గాజులతో నిలబడ్డాను. ఇందాక మెట్టోళ్ళని వెక్కిరించినావిడ పకపకా నవ్వింది. ఆశ్చర్యం, ఎస్తేరు కూడా నవ్వింది. దానియేలుని మట్టి చేశాక అది నవ్వడం అదే మొదలట.

"ఉన్నవే ఉండనీ అక్కా. ఆయన కొన్నవే" అంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. పాత గాజులు గలగల్లాడాయి.

సువార్తమ్మగారు పళ్ళెంలోంచి రాయి తీసి బోరింగు పక్కన పడేసింది. "నిద్రపోతున్నాడంటున్నారుగా. మరి ఆ చప్పుడెందుకు, లేస్తాడు" అని గొణిగి లోపలికి వెళ్ళిపోయింది. ఒప్పుకున్నట్టో, తిట్టినట్టో ఎవరికీ అర్థం కాలేదు.

కూడిక

కూడికలో ఎస్తేరు మామిడి చిగురు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మెడలో సిలువ తాళి పైకి కనపడేలా వేసుకుంది. బల్ల మీద పరవడానికి గుడ్డ కోసం వెతుకుతుంటే, నా సంచిలోంచి అన్నయ్య తెల్లచీర తీసి ఇచ్చాను. బైబిలు దాని మీదే పెట్టారు. పుట్టింటి తెల్లచీరకి అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు.

అంతా సవ్యంగా జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. దానియేలు వైపు రెండు కుటుంబాలు అన్నానికి కూర్చోకుండా వెళ్ళిపోయాయి. వచ్చే నెల తమ ఇంట్లో పెళ్ళికి ఎస్తేరు ఎదురు రావద్దని ఒకావిడ వినపడేలా చెప్పి మరీ వెళ్ళింది. ఎదురు రాను, ముందే వెళ్ళి పందిట్లో కూర్చుంటానంది ఎస్తేరు. అన్నయ్య ఫోనులో నా మీద అరిచాడు. అరవడం అయ్యాక, చీర రంగేంటని అడిగాడు. చెప్పాను. ఫోను పెట్టేశాడు.

అయ్యగారు వాక్యం చెబుతూ, ఈ ఊళ్ళో ఇక మీదట ఫ్లెక్సీ రాయించే ముందు మనం ఆలోచించుకోవాలి అన్నాడు. కొందరు ఆమెన్ అన్నారు. కొందరు తలలు వంచుకున్నారు. ఆమెన్ అన్నవాళ్ళలో గాజులు లేని చేతులు చాలా ఉన్నాయి.

తిరుగు ప్రయాణం

మర్నాడు పొద్దున బయల్దేరడానికి సంచి సర్దుకున్నాను. పట్టని ఆ గాజుల పొట్లాన్ని రాత్రి కిటికీలో పెట్టాను, అమలాపురంలో మార్చుకుందామని. చూస్తే లేదు. ఎలుక ఎత్తుకుపోయిందేమో అన్నాను. ఎలుకలకి గాజులెందుకు అంది ఎస్తేరు. మంచం మీద నా పక్కనే కూర్చుని నా నల్లద్దాలు కొంగుతో తుడుస్తోంది.

బయట ఎవరో బోరింగు కొడుతున్నారు. ఇనుము కిర్రుమంటోంది. ఆ కిర్రు వెనకాలే సన్నగా గలగల. ఆపరేషను తర్వాత నాకు చెవులు పదునెక్కాయి. ఎస్తేరు చేతులవి కావు, అవి నా కళ్ళ ముందే ఉన్నాయి. చూద్దామని లేవబోయాను. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"చూడకక్కా. చూత్తే వదిన తీసేత్తాది."

ఇద్దరం తలుపు వైపు వీపు పెట్టుకుని కూర్చున్నాం. బకెట్టు నిండి నీళ్ళు నేల మీద పొర్లుతున్న చప్పుడు వినపడింది. బోరింగు మాత్రం ఆగలేదు.